వెనక లేని పడవ

ఆ ఉదయం సరంగమ్మ పెట్టుకున్న పని చాలా చిన్నది. టీ తాగాలి, సంచి భుజాన వేసుకోవాలి, మొదటి బస్సు ఎక్కి పెద్ద రేవులో జరిగే శిక్షణకు వెళ్ళాలి. నెల తిరిగేసరికి లైసెన్సుతో ఇంటికి రావాలి. వచ్చేసరికి షెడ్డులో పడవ సిద్ధంగా ఉండాలి. అంతే! ఇంత చిన్న పథకం అంత పెద్ద విడ్డూరంగా ఎలా మారిందో తలచుకుంటే, చెబుతున్న నాకే ఇప్పటికీ నోట మాట రాదు.

సరంగు అంటే పడవ నడిపే మనిషి. ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు, అందరికీ ఆవిడ సరంగమ్మే. పరాయివాళ్ళ లాంచీలో మొదట తాళ్ళు విసిరింది, తర్వాత టిక్కెట్లు చింపింది, యజమాని కునికిపాట్లు పడుతున్నప్పుడు చక్రం పట్టింది. ఆ యజమాని ఇప్పుడు లాంచీ అమ్ముకుని విశ్రాంతి తీసుకుంటున్నాడు. ఇక ఆ రేవులో జనాన్ని దాటించే హక్కు, తనిఖీలో నెగ్గిన సొంత పడవ ఉన్నవాళ్ళకే దక్కుతుంది. సరంగమ్మ పడవ నెగ్గితే రేవు ఆవిడది. నెగ్గకపోతే ఎగువ రేవు కంపెనీది. ఆవిడ మళ్ళీ ఆ కంపెనీ లాంచీలో తాళ్ళు విసురుకోవాల్సిందే. సొంత చక్రం పట్టుకోవాలన్నది ఆవిడకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న కోరిక.

పడవ కడుతున్నది ఇద్దరు. ఒకడు ఆవిడ భర్త, రెండోవాడు ఆవిడ తమ్ముడు. అంటే బావా, బావమరిదీ. బావ ఇళ్ళకు తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి. బావమరిది చిన్నప్పటి నుంచీ పడవలు కట్టే చోట పెరిగినవాడు. ఇద్దరి చేతుల్లోనూ గొప్ప పనితనం ఉంది. ఇద్దరి నోళ్ళూ మాత్రం మంచివి కావు. ఒకడు ఎడ్డెమంటే రెండోవాడు తెడ్డెం. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఒకడంటే, మూడో కాలు ఎక్కడిదని రెండోవాడు నిలదీసే రకం. వాళ్ళ అరుపులు వినపడితే గానీ పక్కనున్న బేకరీ ఆయన పొయ్యి వెలిగించేవాడు కాదు.

వెడల్పాటి అడుగు బల్ల అప్పటికే తయారైంది, రెండు కొసలూ ఒక్కలాగే ఉన్నాయి. ఇక మిగిలింది ముక్కు. అది ఎటు రావాలన్న ప్రశ్న, సరంగమ్మ టీ కప్పు పెదవులకు ఆనించిన క్షణంలోనే పుట్టింది.

"ముక్కు నది వైపు ఉండాలి" అన్నాడు బావ. "మనిషి గుమ్మం దాటి బయటికెలా వస్తాడు? మొహం ముందు పెట్టుకునే గదా?"

"పడవని నీళ్ళలోకి వెనక వైపు నుంచి దించుతారు బావా. లోకమంతా అంతే. ముక్కు వీధి వైపు రావాలి."

"లోకమంతా వీపు ముందు పెట్టుకుని ఇల్లు దాటుతుందా?"

"నువ్వు చేసిన తలుపులు చూసి కొంతమంది అలాగే వెళ్తున్నారని విన్నాను."

అంతే, షెడ్డు దద్దరిల్లింది. అత్తగారు గరిటె పట్టుకుని పరుగున వచ్చింది. ఆవిడ బావకు అత్త, బావమరిదికి తల్లి, వీధి మొత్తానికి అత్తగారు. అల్లుణ్ణి ఏమీ అనలేదు, కొడుకుని ఏమన్నా వాడు వినడు. అడకత్తెరలో పోకచెక్కలా ఆ గుమ్మంలో నిలబడిపోయింది.

సరంగమ్మ కప్పు బల్ల మీద కొట్టింది. "ఇద్దరూ ఆపుతారా? మీరు ఇలాగే ఉంటే నేను తిరిగొచ్చేసరికి పడవ ఉండదు, మీరిద్దరే ఉంటారు. నేను మొన్న రాత పరీక్షలో రాశాను, ఇంగ్లీషులో ఒక మంచి మాట ఉంది. అగ్రీ టు డిసగ్రీ."

"అంటే?"

"అంటే, మన ఇద్దరికీ కుదరదు అని ఇద్దరం ఒప్పుకోవడం. నీ మాట నీది, నా మాట నాది. నిన్ను నేను మార్చను, నన్ను నువ్వు మార్చొద్దు. తగాదా అక్కడితో సరి."

బావ ఉలి పక్కన పెట్టాడు. "ఒప్పుకుంటే ఓడిపోయినట్టు కాదా?"

"కాదండీ."

"మరి బావ గెలిచినట్టా?" బావమరిదికి అనుమానం.

"అదీ కాదురా. ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు."

ఓడిపోకుండా పోట్లాట ఆపే ఉపాయం లోకంలో ఒకటి ఉందని అంతవరకూ వాళ్ళకెవరూ చెప్పలేదు. బావ ఆ మాటను రెండుసార్లు నెమ్మదిగా పలికి చూసుకున్నాడు. బావమరిది చేయి చాచాడు. ఆ ఇద్దరూ చేతులు కలపడం చూసి అత్తగారు గరిటె వదిలేసింది. సరంగమ్మ ఆ మాట ఎందుకు వాడతారో చెప్పింది గానీ, ఎక్కడ వాడకూడదో చెప్పేలోపే బస్సు హారన్ కొట్టింది.

ఆవిడ అటు వెళ్ళిందో లేదో, ఇటు షెడ్డులో పని మొదలైంది.

"నా మాట నాది" అన్నాడు బావ, నది వైపు కొస దగ్గర కూర్చుని.

"నా మాట నాది" అన్నాడు బావమరిది, వీధి వైపు కొసకు నడుస్తూ. "మాట మీద ఉండటమంటే చేతులు ముడుచుకుని ఉండటం కాదు గదా బావా?"

"మరే! చేతల్లో చూపించాలి."

జీవితంలో మొట్టమొదటిసారి ఇద్దరికీ ఒకే అభిప్రాయం కలిగింది, అదీ ఇలాంటి దాని మీద! ఒకడి పని రెండోవాడి కంట పడితే నోరు ఊరుకోదు కాబట్టి, నోరు లేస్తే ఇచ్చిన మాట పోతుంది కాబట్టి, పడవ నడిమధ్యన పైకప్పు నుంచి నేల దాకా ఒక పెద్ద టార్పాలిన్ వేలాడదీశారు. బావ రాకపోకలు నది తలుపు గుండా, బావమరిదివి వీధి తలుపు గుండా. సుత్తి కావాలన్నా మేకులు కావాలన్నా అత్తగారే టార్పాలిన్ కింద నుంచి అందించేది. చెరొకడూ చెరో ముక్కు చెక్కడం మొదలుపెట్టాడు. రెండోవాడు ఎలాగూ చివరికి దారికొచ్చి వెనక భాగం కడతాడని ఇద్దరికీ గట్టి నమ్మకం.

షెడ్డులోంచి అరుపు లేదు, కేక లేదు. మొదటి రోజు బేకరీ ఆయన నిద్ర లేవలేదు, రొట్టెలు లేవు. రెండో రోజు జనం షెడ్డు ముందు ఆగి చెవులు రిక్కించారు. ఆహా, ఏమి నిశ్శబ్దం! చిత్రిక పట్టిన చప్పుడు తప్ప మరేదీ లేదు. దారిన పోయేవాళ్ళు కూడా చెప్పులు చప్పుడు కాకుండా నడిచారు. ముసలివాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఆ వీధి పుట్టిన తర్వాత అలాంటి ప్రశాంతత ఎరగదని ఒకరంటే, పుట్టక ముందు కూడా ఉండి ఉండదని ఇంకొకరన్నారు.

కానీ మనుషులం కదా, మంచి జరిగితే నమ్మలేం. కొన్నాళ్ళకు, ఒకడు మంచం పట్టాడని మొదట పుకారు. వాటాలు పంచుకుని విడిపోయారని తర్వాతి పుకారు. "ఇద్దరినీ ఒకేసారి చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని బేకరీ ఆయన పిండి చేతులతో అడిగాడు చూడండి, అక్కడితో కథ ఎక్కడికో పోయింది. సాయంత్రానికల్లా బావమరిది బావను ఏదో చేసేశాడని సగం వీధీ, బావే బావమరిదిని చేసేశాడని మిగతా సగం వీధీ తీర్మానించాయి. చీకటి పడకముందే కానిస్టేబులు వచ్చి వీధి తలుపు తట్టాడు.

బావమరిది ఎర్ర రంగు బ్రష్షు చేతిలో పట్టుకుని తలుపు తీశాడు. చొక్కా నిండా ఎర్రటి మరకలు. కానిస్టేబులు ఒకడుగు వెనక్కి వేశాడు.

"మీ బావగారు ఎక్కడ?"

"ఆయన మాట ఎత్తకండి సార్. మా ఇద్దరికీ మధ్య ఇప్పుడు ఏ గొడవా లేదు."

"అదే, ఎందుకు లేదు అని."

"శాశ్వతంగా తెగ్గొట్టేశాం సార్. అక్క చెప్పిన పద్ధతిలో."

కానిస్టేబులు జేబులోంచి ఈల తీశాడు. అక్క కూడా ఇందులో ఉందన్నమాట! ఈల నోటి దాకా వెళ్ళిన సమయానికి టార్పాలిన్ వెనక నుంచి ఎవరో హాచ్చని తుమ్మారు. కానిస్టేబులు ఎగిరి పడ్డాడు. వెంటనే షెడ్డు చుట్టూ తిరిగి నది తలుపు దగ్గరికి వెళ్ళి చూస్తే, బావ నీలం రంగు పూసుకుంటూ నిక్షేపంగా ఉన్నాడు. అప్పుడు కానిస్టేబులుకు ఇంకో సంగతి తట్టింది. ఆ కొసన ఒక ముక్కు చూశాడు. ఈ కొసన ఒక ముక్కు చూస్తున్నాడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. రెండే వచ్చాయి.

"అత్తగారూ" అని అక్కడే మేకులు అందిస్తున్న ఆవిడ దగ్గర గొంతు తగ్గించాడు, "ఈ పడవకి..."

"ష్! తెలుసు నాయనా" అంది అత్తగారు. "అల్లుడు వచ్చి 'ముందు ఎలా ఉంది అత్తయ్యా' అంటాడు. బ్రహ్మాండంగా ఉందంటాను. కొడుకు వచ్చి 'ముందు ఎలా ఉందమ్మా' అంటాడు. బ్రహ్మాండంగా ఉందంటాను. రెండూ నిజమే. ఇప్పుడు నువ్వొక్క మాటన్నావంటే మళ్ళీ మొదలు. ఇన్నాళ్ళకి నాకు కంటి మీద కునుకు పడుతోంది, నీకు పుణ్యముంటుంది."

కానిస్టేబులు కూడా ఆ వీధిలోనే కాపురముంటాడు. అతనికీ కునుకంటే ఇష్టమే. టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

అలా ఆ రహస్యం తెలిసిన ప్రతివాడూ నోరు మూసుకుని బయటికి నడిచాడు. ఇంజను నది వైపు అమర్చాలని బావమరిది కొనుక్కొచ్చాడు, ఎందుకంటే అతనికి అది వెనక. వీధి వైపు ఒక ఇంజను కావాలని బావ పాత లాంచీలోంచి ఊడదీసిన దాన్ని తెచ్చుకున్నాడు, ఎందుకంటే అతనికి ఇది వెనక. పక్కవాడి వైపు బిగించడానికి మధ్యాహ్నం పూట, అవతలివాడు నిద్రపోతున్నప్పుడు, చెరొకడూ టార్పాలిన్ కింద దూరి, కళ్ళు నేల మీదే పెట్టుకుని, పని ముగించుకుని వచ్చాడు. చుక్కానులూ అలాగే పెట్టారు. అవతలివాడి పని తలెత్తి చూస్తే మాట తప్పినట్టే అని ఇద్దరూ అంత నిష్ఠగా ఉన్నారు. ఇంజనుల మెకానిక్కుకు విషయం అర్థమైంది, కానీ అత్తగారు చేతిలో టీ గ్లాసు పెట్టి వేలు పెదవి మీద పెట్టుకుంది. రంగుల షాపాయనకు అర్థమైంది, ఆయన కూడా టీ తాగి వెళ్ళాడు. ఊరందరికీ తెలిసినది ఆ ఇద్దరికే తెలియదు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారు. ఇక్కడ ఇద్దరూ ఒకరి తల ఒకరు దన్నారు, ఆ సంగతి ఇద్దరూ ఎరగరు!

ఇక సరంగమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఏం జరిగేదో వినండి.

"ముందు భాగం పూర్తయింది" అన్నాడు భర్త.

"ముందు భాగం పూర్తయిందక్కా" అన్నాడు తమ్ముడు.

"ముందు భాగం చూస్తే కళ్ళు తిప్పుకోలేవే" అంది తల్లి.

సరంగమ్మకు ఆనందంతో కళ్ళు చెమర్చాయి. పెళ్ళయిన తర్వాత మొదటిసారి ముగ్గురూ ఒకే మాట చెప్పారు! శిక్షణలో తోటివాళ్ళకు ఆ ఇంగ్లీషు మాట మహిమ గురించి ఒక పూటంతా ఉపన్యాసమిచ్చింది. ఇద్దరు ముగ్గురు తమ ఇళ్ళకు ఫోన్లు చేసి అదే మాట వాడారని కూడా తెలిసింది. వాళ్ళ ఇళ్ళల్లో ఏమైందో మనం ఆరా తీయొద్దు.

తనిఖీ రోజు ఉదయం సరంగమ్మ లైసెన్సు చేతబట్టుకుని బస్సు దిగి, నేరుగా షెడ్డుకే వచ్చింది. అప్పటికే తనిఖీ అధికారి అక్కడున్నాడు. సన్నగా, పొడుగ్గా, నవ్వడం మరిచిపోయి చాలాకాలమైనట్టున్న మనిషి. వీధి మొత్తం నది ఒడ్డున పోగైంది. ఎగువ రేవు కంపెనీ మేనేజరు కూడా చలువ కళ్ళజోడు పెట్టుకుని ఒక పక్కగా నిలబడ్డాడు.

"పరదా తీయండి" అన్నాడు అధికారి.

టార్పాలిన్ కిందపడింది.

అబ్బ! ఆ క్షణం గురించి ఎలా చెప్పాలో నాకు చేతకావడం లేదు. ఒక కొసన నీలం ముక్కు, నున్నగా, వంపు తిరిగి, దాని వెనక బావ కట్టిన గది. పల్లెటూరి ఇంటికైనా పట్నపు మేడకైనా సరిపోయే గది అది. రెక్కల కిటికీలు, గడియ ఉన్న తలుపు, గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్ట, పక్కన కాలింగ్ బెల్లు. రెండో కొసన ఎర్ర ముక్కు, నీటిని చీల్చడానికే పుట్టినట్టు పదునుగా, దాని వెనక గుండ్రటి అద్దాలున్న సరంగు గది. రెండు చక్రాలు, రెండు ఇంజన్లు, రెండు చుక్కానులు. మధ్యలో బల్లలు సగం ఇటు తిరిగి, సగం అటు తిరిగి, వీపులు ఆనించుకుని కూర్చున్నాయి. జనం కళ్ళప్పగించి చూశారు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళను చాలామందిని చూశాం గానీ, ఒకే పడవను రెండు చేసినవాళ్ళను చూడటం ఎవరికైనా అదే మొదలు.

అధికారి పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంకోసారి తిరిగాడు. వెనక భాగం కనపడుతుందేమోనని మూడోసారి కూడా తిరిగాడు. పాపం, ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు గానీ, ఆ పడవకు ఆ రెండోదే లేదు.

సరంగమ్మ ఎక్కడున్నదక్కడే కూలబడింది. "ఇదేంటి?" అంది. "ఏమండీ, ఇదేంటి? ఒరేయ్, ఇదేంట్రా?"

వాళ్ళిద్దరూ ఒకరి పని ఒకరు మొదటిసారి చూస్తున్నారు. బావ ఎర్ర ముక్కు దగ్గరికి నడిచి, అతుకు ఎక్కడుందో వేళ్ళతో వెతికాడు. దొరకలేదు. "ఇది నువ్వే చేశావురా?" అన్నాడు, చిన్నపిల్లవాడిలా. బావమరిది ఆ గది తలుపు తెరిచి మూశాడు. చప్పుడు లేదు. మళ్ళీ తెరిచి మూశాడు. "బావా," అన్నాడు, "ఇంత బాగా చేస్తావని నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు విన్నావా ఏనాడైనా?"

"నిజమేలే."

"చాలించండి!" సరంగమ్మ లేచి నిలబడింది. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు. "పోట్లాడొద్దన్నాను గానీ నా పడవని చెరి సగం చేసుకోమన్నానా? ఎవరికి ఏ రంగు ఇష్టమో, ఎవరికి ఏ పాట ఇష్టమో, అలాంటి వాటికిరా ఆ మాట! ఇద్దరి చేతుల్లో ఉన్న వస్తువు ఒకటే అయినప్పుడు ఎవరి మాట వాళ్ళదంటే ఎలా? నా రేవు పోయింది. నా చక్రం పోయింది. రేపటినుంచి ఆ కంపెనీ లాంచీలో తాళ్ళు విసురుకుంటాను, మీరిద్దరూ ఒడ్డున నిలబడి ఒకర్నొకరు మెచ్చుకోండి."

బావా బావమరిదీ తేలు కుట్టిన దొంగల్లా తలలు దించుకున్నారు. మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

అధికారి గొంతు సవరించుకున్నాడు. "పడవ ఆకారం ఇలాగే ఉండాలని నిబంధనల్లో లేదమ్మా. ఎందుకు లేదంటే, ఇలాంటిది వస్తుందని ఎవరూ అనుకోలేదు. నీళ్ళలో దించండి. అవతలి ఒడ్డుకి వెళ్ళి, తిరిగి ఇక్కడికి వచ్చి చూపిస్తే సంతకం పెడతాను. లేదంటే లేదు."

వీధి వీధంతా భుజం పట్టి పడవను దించింది. బరువు కోసం జనం బల్లల నిండా కూర్చున్నారు, అధికారీ ఎక్కాడు, బావా బావమరిదీ చెరొకడూ తన ముక్కు మీద నిలబడ్డాడు. నీలం ముక్కు ముందు నీళ్ళను తాకింది, బావ గర్వంగా దగ్గాడు. సరంగమ్మ కాళ్ళు తుడుచుకుని, గడియ తీసి, నీలం గదిలోకి వెళ్ళింది. పరాయి చక్రాలు పట్టుకున్న ఆ చేతులు మొదటిసారి తన చక్రాన్ని పట్టుకున్నాయి. పడవ తేలింది. ఒరగలేదు, కారలేదు, పెరుగు మీద చెంచాలా నది మీద సాగింది. ఎర్ర భాగం వైపు కూర్చున్నవాళ్ళు మాత్రం గొణిగారు, "మేం వెనక్కి పోతున్నామేంటి?" అని.

అవతలి ఒడ్డు తగిలింది. "బాగుంది" అన్నాడు అధికారి. "ఇప్పుడు తిప్పండి."

సరంగమ్మ పడవను నది మధ్యకు తెచ్చి చక్రం తిప్పింది. పడవ సగం తిరిగి ఆగిపోయింది. ఆ కొస చుక్కాని ఒకటంటే ఈ కొస చుక్కాని ఇంకొకటి అంటోంది. పడవ నదికి అడ్డంగా నిలబడి, ప్రవాహానికి పక్కకు కొట్టుకుపోవడం మొదలైంది. బల్లల మీద గోల. బేకరీ ఆయన కానిస్టేబులును కావలించుకున్నాడు.

"కుడికి తిప్పు!" బావ నీలం ముక్కు మీద నుంచి అరిచాడు.

"ఎడమకక్కా, ఎడమకి!" బావమరిది ఎర్ర ముక్కు మీద నుంచి అరిచాడు.

"నీకేం తెలుసురా?"

"నీకు తెలిసిందల్లా కిటికీలు!"

నెల రోజులుగా ఆగిన పోట్లాట ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది. ఒడ్డున ఉన్న జనానికి కూడా వినపడింది. సరంగమ్మ చక్రం మీద చేతులు పెట్టి ఆ రెండు గొంతులూ విన్నది. ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. ఒకడు మాట్లాడుతుంటే రెండోవాడు ఆగడం లేదు. ఆగితే? ఒకడు ఆగితే?

"నోర్ముయ్యండి ఇద్దరూ!" అంది. నది కూడా ఒక్క క్షణం ఆగిందేమో అనిపించింది. "తమ్ముడూ, నీ వైపు చుక్కాని నిటారుగా పట్టుకో. కదిలిందో, నీ సంగతి చెప్తా. ఏమండీ, మీరు నేను చెప్పినట్టు చేయండి."

బావమరిది మాట్లాడకుండా పట్టుకున్నాడు. పడవ నెమ్మదిగా తిరిగి, నీలం ముక్కు అవతలి ఒడ్డు వైపు, ఎర్ర ముక్కు మన రేవు వైపు, మొదట ఉన్నట్టే నిలబడింది. అప్పుడు సరంగమ్మ చేసిన పని చూసి నేనైతే ఈనాటికీ నమ్మలేకుండా ఉన్నాను. ఇంజను ఆపింది. గది తలుపు వేసింది. రెండు వరసల బల్లల మధ్య నుంచి, బజారుకు వెళ్తున్న మనిషిలా తీరిగ్గా నడిచి, ఎర్ర గదిలోకి వెళ్ళి, రెండో చక్రం పట్టుకుని, రెండో ఇంజను వేసింది.

"ఏమండీ, ఇప్పుడు మీరు మీ చుక్కాని పట్టుకుని నోరు మూసుకోండి. వెళ్ళేటప్పుడు మీ ముక్కు ముందు, వచ్చేటప్పుడు వాడి ముక్కు ముందు."

పడవ కదిలింది. ఎర్ర ముక్కు నీళ్ళను చీల్చుకుంటూ నిటారుగా రేవు వైపు సాగింది. ఇందాకటి నుంచి వెనక్కి పోతున్నామని గొణిగినవాళ్ళంతా హఠాత్తుగా ముందుకు పోతున్నారు. ముందుకు పోయినవాళ్ళు వెనక్కి పోతున్నారు గానీ, గొణగడం మరిచిపోయారు. ఒడ్డు మీద అరుపులు, ఈలలు. అత్తగారు రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

"నేను తిప్పమన్నాను" అన్నాడు అధికారి.

"తిప్పేది ఎందుకండీ? ఇంటికి రావడానికేగా? వస్తున్నాంగా" అంది సరంగమ్మ.

అధికారి దగ్గరకొస్తున్న రేవును చూశాడు. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఎన్ని లాంచీలు, నది మధ్యలో ఎంతసేపు, ఎంత డీజిలు తగలేసుకుంటూ వెనక్కి తిరుగుతుంటాయో ఆయనకు తెలుసు. తన ఉద్యోగమంతా వాటిని సరిగ్గా తిరుగుతున్నాయా లేదా అని చూడటంలోనే గడిచిపోయింది. అసలు తిరగాల్సిన అవసరమేమిటని ఆయనను ఎవరూ అడగలేదు, ఆయన ఎవరినీ అడగలేదు. తర్వాత ఆ మొహం మీద, పాపం చాలాకాలంగా వాడకపోవడం వల్ల కొంచెం వంకరగా, ఒక నవ్వు వచ్చింది. మోకాలి మీద కాగితం పెట్టుకుని సంతకం చేశాడు.

పడవ రేవును తాకినా సరంగమ్మ చక్రం వదలలేదు. "ఇది నాదే కదా?" అని అడిగింది, ఎవరినో తెలియదు. భర్త ఒక వైపు నుంచీ, తమ్ముడు ఒక వైపు నుంచీ వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డారు. "నీదే" అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆవిడ ఇద్దరి నెత్తిన చెరొక మొట్టికాయ వేసి, బావురుమని ఏడ్చి, మళ్ళీ నవ్వింది.

వారం తిరక్కుండానే ఎగువ రేవు మేనేజరు కళ్ళజోడు లేకుండా షెడ్డుకు వచ్చి, అచ్చం అలాంటి పడవే తమకూ ఒకటి కట్టిపెట్టమని బతిమాలాడు. బావా బావమరిదీ సంతోషంగా ఒప్పుకుని, కొత్త అడుగు బల్ల తెచ్చి షెడ్డులో పెట్టారు. ఈసారి టార్పాలిన్ లేదు. "ముక్కు ఎటు మొదలుపెడదాం? నువ్వు చెప్పినట్టే కానిద్దాంరా" అన్నాడు బావ. "అబ్బే, నీ తర్వాతే ఎవరైనా. నువ్వు చెప్పు బావా" అన్నాడు బావమరిది.

ఇద్దరికీ ఒకరి మాట మీద ఒకరికి అంత గౌరవం ఏర్పడింది కాబట్టి, ఆ రెండో పడవ ఇప్పటికీ మొదలు కాలేదు.